ఒరుల పాటకు ఊపిరి: సర్ ఏడ్రియన్ బోల్టుగారి జీవితము

కండక్టరు అనగానే మనకు బస్సులో చీట్లు చించి యిచ్చు నతడు జ్ఞప్తికి వచ్చును. పాశ్చాత్య సంగీతసభలలో మఱియొక విధమైన కండక్టరు గలడు. ఎనుబదిమందియో నూఱుమందియో వాద్యకారులు వయొలినులు, పిల్లనగ్రోవులు, కొమ్ములు, భేరులు పట్టుకొని వేదికపై గూర్చుండగా, వారి యెదుట చిన్న యరుగుపై నిలిచి చేతిలోని సన్నని పుల్ల నాడించుచుండు నతడే యా కండక్టరు. అతడు పాడడు; ఏ వాద్యమును వాయింపడు; సభికులకు వీపు చూపి నిలుచును. ఇట్టివానికి అంత మర్యాద యెందులకో యని మొదట మేమును అనుకొంటిమి. విచారించి చూడగా సంగతి వేఱుగా నున్నది.

మన సంగీతము కంఠమునుండి కంఠమునకు నడచునది. త్యాగరాజస్వామి కీర్తనలు శిష్యుల నోట, శిష్యుల శిష్యుల నోట నిలిచి మనదాక వచ్చినవి. ఒక తల్లి పెరటిలో తులసికోటకడ నొక కీర్తన పాడుకొన్నచో ఆ దినమునకు ఆ కీర్తన బ్రదికినట్లే. పాశ్చాత్యుల పెద్ద కృతుల సంగతి యట్లు గాదు. సింఫనీ యనబడు కృతి ముప్పావుగంట, ఒక్కొక్కప్పుడు గంటసేపు సాగును. దానిలో ఏ వాద్యము ఏ క్షణమున ఏ స్వరము పలుకవలెనో సర్వము కాగితముపై వ్రాయబడి యుండును. అంతమందియు గూడి యొక్క మనసుతో వాయించినగాని యది వినబడదు. అంతవఱకు అది బీరువాలోని మూగకాగితమే. దానిని వెలికి దీసి, చదివి, వాద్యకారులకు బోధపఱచి, జనులకు వినిపించువా డొకడు కావలెను. ఒక్కసారి వినిపించిన చాలదు. తొలిసారి సభ మెచ్చనిచో, ఇది మంచి కృతి, మరల వినుడని నిలువగల ధైర్యవంతుడు కావలెను. తన దేశపు రచయితలకొఱకు అట్టి ధైర్యముతో అఱువదియేండ్లు నిలిచిన సర్ ఏడ్రియన్ బోల్టుగారి కథను ఈ నెల మా పాఠకురాండ్రకు చెప్పదలచితిమి.

బోల్టుగారు 1889వ సంవత్సరము ఏప్రిలు 8వ తేదీన ఇంగ్లండులోని చెస్టరు పట్టణమున జన్మించిరి. తండ్రి సంపన్నుడైన వర్తకుడు. లివర్‌పూలు నగర సమీపమున పెరుగుచు బాల్యముననే అచటి కచేరీలు వినిరి. లండనులోని వెస్ట్‌మినిస్టరు పాఠశాలలోను, పిమ్మట ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములోను చదివిరి. 1912లో జర్మనీదేశమునకు బోయి లైప్‌జిగ్ నగరపు సంగీత విద్యాలయమున చేరిరి. అచటి వాద్యమేళమునకు ఆర్టర్ నికిష్ అను మహానుభావుడు నాయకుడు. బోల్టుగారు విద్యాలయమున నేర్చినదానికంటె నికిష్‌గారి ఎదుట గూర్చుండి కన్నులార చూచి నేర్చినదే యెక్కువ. ఆ పెద్ద చేతులు విసరడు, గంతులు వేయడు. మణికట్టు కొంచెము కదిలించి పుల్లకొనతోనే తన యభిప్రాయమంతయు దెలుపును. ఈ పొదుపు బోల్టుగారికి జీవితాంతము అలవడినది.

ఆ కాలమున సంగీతవిషయమున ఇంగ్లండునకు గౌరవము తక్కువ. అది సంగీతమెఱుగని దేశమని జర్మనులు కొందఱు ఎగతాళి చేయుచుండిరి. ఆంగ్లేయులలోనే పెక్కుమంది మంచి సంగీతమన్న జర్మనీనుండియో ఇటలీనుండియో దిగుమతి కావలసినదే యనుకొనుచుండిరి. ఇంటి కోడలి వంట ఎంత కమ్మగా నున్నను పొరుగింటి పుల్లగూరయే రుచియని మనవారనరా, అట్లే. ఎల్గార్, హోల్స్ట్, వాన్ విలియమ్సు మున్నగు రచయితలు గొప్ప కృతులు వ్రాయుచునే యుండిరి. వానిని పదేపదే వినిపించు నాథుడు కఱవు.

1914లో మహాయుద్ధము వచ్చెను. గుండె దుర్బలముగా నుండుటచే బోల్టుగారిని సైన్యమున చేర్చుకొనలేదు. పలుభాషలు తెలిసినవారగుటచే యుద్ధకార్యాలయమున అనువాదకులుగా పనిచేయుచు, 1918 మొదట లండనులో కొన్ని కచేరీలు నడపి, వానిలో స్వదేశపు కృతులకు చోటిచ్చిరి. ఆ సంవత్సరమే ఆయన పేరు చిరస్థాయి యగు దినము వచ్చినది. ఆ దినమును గూర్చి చెప్పుటకు ముందు హోల్స్టుగారిని మా సోదరీమణులకు పరిచయము చేయవలసి యున్నది. ఆయన మనకు కొంత బంధువే.

గుస్టావ్ హోల్స్టుగారు లండనులోని సెయింట్ పాల్సు బాలికాపాఠశాలయందు సంగీతోపాధ్యాయులు. 1905 మొదలుకొని 1934లో మరణించువఱకు ఆ బాలికలకు పాట నేర్పుటయే ఆయనకు జీవనాధారము. యౌవనమున మన వేదములను, పురాణకథలను గూర్చి విని మోహితుడై, తనకు దొరకిన అనువాదములు తృప్తి నీయకపోవుటచే సంస్కృతము నేర్చుకొన మొదలిడెను. ఆయనకు గురువైనది మేబుల్ బోడ్ అను విదుషీమణి. ఋగ్వేద సూక్తములను కొన్నిటిని తానే తెనిగించినట్లు ఆంగ్లమున వ్రాసికొని స్వరపఱచెను. మహాభారతమునుండి సావిత్రీ సత్యవంతుల కథను గైకొని, ముగ్గురే పాత్రలుగా నొక చిన్న సంగీతనాటకము రచించెను. యముని వెంబడించి భర్త ప్రాణములను మఱలించుకొన్న మన సావిత్రి 1916లో లండను వేదికమీద ఆంగ్లమున పాడినదన్న మాట!

ఈ హోల్స్టుగారే 1914 మొదలుకొని రెండు మూడేండ్లు శ్రమించి "గ్రహములు" అను పెద్ద కృతిని రచించిరి. కుజుడు, శుక్రుడు, బుధుడు, గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్ అను నేడు గ్రహములకు ఏడు భాగములు. పాఠశాల పని ముగిసిన పిమ్మట, సెలవుదినములలో, ఆ పాఠశాలలోని నిశ్శబ్దపు గదిలో గూర్చుండి వ్రాసిన కృతి యది. ఆయన కుడిచేయి నరముల జబ్బుచే వ్రాతకు లొంగకుండెను. అప్పుడు వాలీ లాస్కర్, నోరా డే అను ఉపాధ్యాయినులు ఆయన చెప్పినట్లు స్వరములను వ్రాసి యిచ్చి సాయపడిరి. వీరి చేతిసాయము లేనిచో ఆ గ్రంథము పూర్తియగుట మిక్కిలి కష్టమై యుండెడిది.

యుద్ధము ముగియుచున్న దినములలో హోల్స్టుగారు సైనికులకు సంగీతము నేర్పుటకై దూరదేశమునకు బోవలసివచ్చెను. బాల్‌ఫర్ గార్డినర్ అను ధనికుడైన మిత్రుడు వీడ్కోలు కానుకగా క్వీన్సు హాలను లండనులోని గొప్ప సభామందిరమును, వాద్యమేళముతో సహా, ఒక ఆదివారపు ఉదయమునకు కుదిర్చి యిచ్చెను. హోల్స్టుగారు బోల్టుగారికడకు వచ్చి "గ్రహముల"ను నీవే నడుపవలెనని పట్టుపట్టిరి. 1918 సెప్టెంబరు 29వ తేదీన ఆహ్వానితులైన కొలదిమంది మిత్రుల యెదుట ఆ కచేరీ జరిగినది. వాద్యకారులు ఆ కృతిని అంతకుముందు చూడలేదు. రెండు గంటలైన రిహార్సలు లేదు. నెప్ట్యూన్ భాగమున కనబడని చోటనుండి స్త్రీకంఠములు వినబడి క్రమముగా దూరమైపోవలెను. ఆ పాట పాడినవారిలో హోల్స్టుగారి శిష్యురాండ్రగు బాలికలుండిరి. గురుగ్రహపు భాగము మ్రోగుచున్నప్పుడు నడవలలో నేలలు కడుగుచున్న పనికత్తెలు కుంచెలు క్రిందబెట్టి నాట్యమాడిరని హోల్స్టుగారి కుమార్తె ఇమొజెన్ తరువాత వ్రాసెను. ఆ పనికత్తెలను ఎవరు ఆహ్వానించిరి? సంగీతము బ్రదికినదని చెప్పుటకు అంతకుమించిన సాక్ష్యమేల? "గ్రహములు" మొదట లోకమున ప్రకాశించుటకు కారకుడు బోల్టేయని హోల్స్టుగారు తమ గ్రంథప్రతిమీద కృతజ్ఞతతో వ్రాసి యాయనకు కానుక యిచ్చిరి.

రెండవ ఘట్టము ఇంకను హృదయమును తాకును. సర్ ఎడ్వర్డు ఎల్గార్ గారు ఆనాటి ఆంగ్ల రచయితలలో అగ్రగణ్యులు. ఆయన రెండవ సింఫనీ 1911లో తొలిసారి వినిపింపబడినప్పుడు సభ నిండలేదు. ఉన్నవారును చప్పగా చప్పట్లు కొట్టిరి. ఆయన ధర్మపత్ని ఆలిస్ గారు సేనానాయకుని కుమార్తె, భర్తకంటె ఎనిమిదేండ్లకు పైగా పెద్ద. సంగీతపు టంగడివాని కొడుకును వివాహమాడుటకు బంధువులు సమ్మతింపకున్నను, ఆయన ప్రతిభను నమ్మి చేపట్టిన సాధ్వి. కాగితములపై గీతలు గీసి యిచ్చుట మొదలుకొని భర్త రచనకు జీవితమంతయు ధారపోసినది. అట్టి యామె కన్నులయెదుటనే యుద్ధానంతరమున ఎల్గార్ గారి సంగీతము పాతబడినదను మాట వ్యాపించెను.

1920 మార్చి 16వ తేదీన ముప్పదియేండ్ల బోల్టుగారు క్వీన్సు హాలునందే ఆ రెండవ సింఫనీని మరల వినిపించిరి. ఈసారి సభ పులకించినది. తొమ్మిదేండ్లక్రిందట ముడుచుకొని కూర్చున్న నగరము ఇప్పుడు హర్షధ్వానములు చేసెను. ఆలిస్ గారు ఆ దినమున సభలో నుండిరి. ఆ వాయిద్యము శ్రోతల హృదయములకు సూటిగా చేరినదని పరమానందముతో తమ దినచర్యలో వ్రాసికొనిరి. అప్పటికే యామె యారోగ్యము చెడియుండెను. మూడువారములు దాటి, ఏప్రిలు 7వ తేదీన కాలధర్మము నొందిరి. భర్త కృతి గెలిచినదన్న తృప్తితో నామె వెళ్లుటకు బోల్టుగారు కారకులైరి. నా కీర్తి ముందునాళ్లలో నీ చేతులలో భద్రముగా నుండునని ఎల్గార్ గారు ఆ యువకునికి వ్రాసిరి. ఆ మాటను బోల్టుగారు బరువుగా దాల్చిరి.

మూడవవారు వాన్ విలియమ్సుగారు. ఆయన మూడవ సింఫనీని 1922లోను, నాల్గవదానిని 1935లోను, ఆఱవదానిని 1948లోను తొలుదొల్త లోకమునకు వినిపించినది బోల్టుగారే. నాల్గవ సింఫనీ కఠోరముగా నుండి శ్రోతలను కలవరపెట్టెను. అయినను తొలినాడే దానిని దాచక, మెత్తపఱచక, ఉన్నదున్నట్లు వినిపించిరి. ఆఱవదానికి రెండేండ్లలో సుమారు నూఱు ప్రదర్శనములు జరిగినవి. యోబు అను భక్తుని కథపై వ్రాసిన నృత్యరూపకమును రచయిత బోల్టుగారికే అంకితమిచ్చెను.

ఈ నడుమ బోల్టుగారు 1924 మొదలు ఆఱేండ్లు బర్మింగుహాము నగర వాద్యమేళమును నడపి, 1930లో బి.బి.సి. రేడియో సంస్థవారి క్రొత్త వాద్యమేళమునకు నాయకులైరి. నూట పదునలుగురు వాద్యకారులుగల ఆ మేళము 1930 అక్టోబరు 22వ తేదీన తొలి కచేరీ చేసెను. స్త్రీ వాద్యకారిణులకును దానిలో స్థానము లభించినది. మేరీ విల్సన్ అను వయొలినువిదుషి ముందు వరుసలలో నుండెను. ఇక రేడియో మూలమున వచ్చిన మార్పును మా సోదరీమణులు మాకంటె బాగుగ నెఱుగుదురు. అంతకుముందు పెద్ద కచేరీ వినవలెనన్న నగరమున నుండవలెను, చీటీకి సొమ్ము కావలెను, రాత్రివేళ ఇల్లు విడువవలెను. ఇప్పుడు పల్లెటూరి యింటిలో కుట్టుపని చేసికొనుచున్న గృహిణికిని ఎల్గార్, హోల్స్ట్ అను పేర్లు పరిచితములయ్యెను. 1936లో ఆ మేళమును పారిసు, జూరిచ్, వియన్నా, బుడాపెస్టు నగరములకు గొనిపోయి ఐరోపా మెప్పును పొందిరి. 1937లో వారికి సర్ బిరుదు లభించెను.

స్వదేశాభిమాన మన్న పరదేశద్వేష మని బోల్టుగారు తలపలేదు. షోన్‌బర్గ్, బెర్గ్ మున్నగు విదేశీయుల క్రొత్తరీతుల కృతులను, ఆంగ్లేయులు చెవులు మూసికొన్న కాలముననే, రేడియోలో వినిపించిరి. తనకు నచ్చినను నచ్చకున్నను ప్రతి కృతికిని న్యాయము చేయుట తన ధర్మమని యాయన నమ్మిక. పొడవైన పుల్ల చేబూని సైనికునివలె నిటారుగా నిలుచును. ఎడమచేతిని అక్కఱ లేనిది కదలింపడు. వయొలినులను కుడియెడమల రెండు ప్రక్కలను గూర్చుండబెట్టి, అవి ఒకదానితో నొకటి సంభాషించునట్లు చేయును. ఆయన నడుపగా వినువారికి నాయకుని గొప్ప గాక రచయిత గొప్ప తోచును. ఈ గుణమునే లోపముగా నెంచి, చప్పని మనిషి యన్నవారును లేకపోలేదు. ఆయన మర్యాదకు ప్రసిద్ధులు; అప్పుడప్పుడు కోపము వచ్చిన మాత్రము వాద్యకారులు గజగజలాడెడివారట.

1939లో రెండవ మహాయుద్ధము వచ్చినంతనే ఆ మేళమును లండనునుండి బ్రిస్టలునకు, అచట బాంబులు పడగా 1941లో బెడ్‌ఫర్డునకు తరలించిరి. 1941 మే 10వ తేదీ రాత్రి క్వీన్సు హాలు మంటలపాలైనది. "గ్రహములు" వెలుగుచూచిన చోటు, ఎల్గార్ గారి కృతి మరల బ్రదికిన చోటు బూడిదయయ్యెను. సభామందిరము కాలినను సంగీతము కాలలేదు. మేళము బెడ్‌ఫర్డునుండి వాయించుచునే యుండెను.

తరువాత వచ్చిన దెబ్బ శత్రువునుండి గాదు. అఱువదియేండ్లు నిండినవారు విరమింపవలెనని ఆ రేడియో సంస్థలో నియమము. తమకది వర్తింపదని తొలి డైరెక్టరు జనరలు రీత్ గారు బోల్టుగారికి మాట యిచ్చియుండిరి. ఆయన 1938లోనే వెళ్లిపోయిరి. క్రొత్త అధికారులు ఆ మాటను మన్నింపలేదు. తాను పునాది వేసి యిరువదియేండ్లు పెంచిన మేళమును 1950లో బోల్టుగారు విడువవలసివచ్చెను. ఇల్లు కట్టినవానిని వీధిలో నిలిపినట్లయ్యెను. వయస్సుమీఱినవాడను ముద్ర యొకటి. హోల్స్టుగారి ఏడు గ్రహములలో శని వార్ధక్యమును దెచ్చువాడు. మనవారు ఏలినాటి శనికి జడియుదురు గదా. బోల్టుగారికి శని ప్రవేశించినాడని లోకమనుకొనెను.

ఆయన ఫిర్యాదు చేయుచు కూర్చుండలేదు. ఆ సంవత్సరమే, ధనాభావముచే కష్టపడుచున్న లండన్ ఫిల్‌హార్మోనిక్ మేళమునకు నాయకత్వము వహించి 1957 వఱకు నడపిరి. ఆ మేళముతో వాన్ విలియమ్సుగారి సింఫనీలను వరుసగా గ్రామఫోను రికార్డులకు ఎక్కించిరి. వృద్ధ రచయిత తానే వచ్చి కూర్చుండి వినెడివాడు. తొమ్మిదవ సింఫనీని రికార్డు చేయుటకు 1958 ఆగస్టు 26వ తేదీ నిర్ణయమయ్యెను. రచయిత ఎప్పటివలె వచ్చునని అందఱు ఎదురుచూచుచుండిరి. ఆనాటి తెల్లవారుజామున, ఎనుబదియైదవ యేట, వాన్ విలియమ్సుగారు నిద్రలో కన్నుమూసిరను వార్త వచ్చెను. ఏమి చేయవలెను? పని మానుట సులభము. బోల్టుగారు ఆ పనినే నివాళిగా నెంచి, నాలుగు మాటలలో ఆ వార్త దెలిపి, మేళముచే కృతిని వాయింపించిరి. ఆ మాటలు ఆ రికార్డుతోనే నిలిచియున్నవి.

అటుపిమ్మట కొన్నియేండ్లు ఆయనను జనులు కొంచెము మఱచిరి. డెబ్బది దాటి ఎనుబదికి చేరువైన దినములలో మఱల వెదకికొనుచు వచ్చిరి. లిరిటా యను చిన్న రికార్డుల సంస్థవారు బాక్స్, ఐర్లండ్, మోరన్, ఫిన్జీ మున్నగువారి కృతులను ఆయనచే వాయింపించిరి. వీరిలో పెక్కుమంది పేర్లు అప్పటికి మఱుగుపడియుండెను. ఇ.ఎం.ఐ. వారు ఎల్గార్, వాన్ విలియమ్సుల కృతులను పెక్కింటిని ఆయన నాయకత్వమున క్రొత్తగా రికార్డు చేసిరి. "గ్రహముల"ను ఆయన ఐదుసార్లు రికార్డు చేసిరి, కడపటిది 1978లో. అనగా తొలి కచేరీకి అఱువదియేండ్ల పిమ్మట, ఎనుబదితొమ్మిదవ యేట! ఆ సంవత్సరము జూను 24వ తేదీన ఎల్గార్ గారు ఒక విసనకఱ్ఱపై చిత్రమునుబట్టి వ్రాసిన నృత్యరూపకమును నడపి సభావేదికకు సెలవు దీసికొనిరి. డిసెంబరులో, జనులు దాదాపు మఱచిన ప్యారీ అను పాత రచయిత కృతులను రికార్డు చేసి పుల్ల క్రిందబెట్టిరి. 1983 ఫిబ్రవరి 22వ తేదీన తొంబదిమూడవ యేట స్వర్గస్థులైరి. వైద్యవిద్యార్థులకు ఉపయోగపడునట్లు దేహమును దానము చేసి, అంత్యక్రియల యాడంబరమును గూడ వలదనుకొనిరి. శని తెచ్చిన వార్ధక్యము ఈయనకు శాపము గాక పంటకాలమయ్యెను.

దొరల సంగీతముతో మనకేమి పని యని కొందఱు సోదరీమణు లడుగవచ్చును. సింఫనీలు విన్నను వినకున్నను, ఈ జీవితమున మనకు పనికివచ్చు మాట యొకటి కలదు. మంచిది పుట్టినంతమాత్రమున నిలువదు. దానిని పట్టుకొని మరల మరల వినిపించువారు లేనిచో నొక్క తరములో నశించును. మన యిండ్లలో అమ్మమ్మలు పాడిన పెండ్లిపాటలు, మేలుకొలుపులు, మంగళహారతులు ఎన్ని యీనాడు వినబడుచున్నవి? వానిని రచించినవారి పేర్లు మనకు తెలియవు; పాడి నిలిపిన స్త్రీల పేర్లు అంతకంటె తెలియవు. అయినను వారు పాడిరి గనుకనే మిగిలినవి మిగిలెను. తన పేరు కొఱకు గాక పాట బ్రదుకుట కొఱకు నిలిచినవారందఱు బోల్టుగారి జాతివారే. ఈ దినమున మన యింట నొక పాత పాటను జ్ఞప్తికి దెచ్చుకొని చిన్నవారికి నేర్పినచో, మేమీ వ్యాసము వ్రాసిన ఫలము దక్కినదని సంతసింతుము.